ఒకే చాప మీద పెద్దా చిన్నా: ఇంటి చదువులో కలిసి నేర్చుకునే పద్ధతి

నిరుటి సంచికలో ములకలపల్లి వైపు నడుస్తున్న మన చదువు కేంద్రం ఫొటో ఒకటి వేశాం. ఒకే చాప మీద ఐదేళ్ల బాబు ఖాయిదా పట్టుకుని ఉంటే, వాడి పక్కనే పదమూడేళ్ల అమ్మాయి భిన్నాల లెక్కలు చేస్తూ కనిపిస్తుంది. అది చూసి ఇద్దరు ముగ్గురు దాతలు మమ్మల్ని అడిగారు: “తరగతికో గది లేకనేనా ఇలా అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టారు? చెప్పండి, గోడలు మేం కట్టిస్తాం.” మంచి మనసుతో అడిగిన మాట అది. అయితే ఆ పిల్లలు గదులు లేక అలా కూర్చున్నవాళ్లు కారు. అలా కూర్చోబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతికి మన మక్తబుల్లోనూ, తెలుగు నేల మీదా పాత చరిత్ర ఉంది. దానికి ఖర్చూ ఉంది కానీ ఆ ఖర్చు గోడలకు పెట్టేది కాదు. ఎక్కడ పెట్టాలో దాతలకు తెలియాలన్నదే ఈ వ్యాసం రాయడంలో మా ఉద్దేశం.

ముందు ఆ ప్రాంతం గురించి నాలుగు మాటలు. ములకలపల్లి ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అటు పాల్వంచ, ఇటు దమ్మపేట, నడుమ అడవి, పోడు చేలు, కోయ గూడేలు. మండల కేంద్రం దాటితే మన వాళ్ల ఇళ్లు ఊరికి రెండో మూడో. కుట్టుమిషను పెట్టుకున్నవాళ్లు, మోటార్లు బాగుచేసేవాళ్లు, సంతల వెంట తిరిగి బట్టలూ గాజులూ అమ్మేవాళ్లు, దూదేకుల కుటుంబాలు. ఏ ఊళ్లోనూ ఒక తరగతికి సరిపడా మన పిల్లలు దొరకరు. ఒకే ఇంట్లో అయిదేళ్లవాడు, ఎనిమిదేళ్లవాడు, పన్నెండేళ్లమ్మాయి ఉంటారు. పక్కింటి ఇద్దరు చేరితే అయిదుగురు. అయిదుగురూ అయిదు తరగతులు. ఇక్కడ వయసుల వారీగా విడదీస్తే మిగిలేది తలా ఒక గది, గదికి ఒక పిల్లవాడు.

“హోమ్ స్కూలింగ్” అనే మాట హైదరాబాదులోనూ, అమెరికాలో ఉన్న మన బంధువుల ఇళ్లలోనూ ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడ అది తల్లిదండ్రులు ఆలోచించి ఎంచుకున్న దారి. ములకలపల్లి వైపు ఆ పేరు ఎవరూ పలకరు గానీ, ఆ పని చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంది. పిల్లలు పగలు సర్కారు బడికి వెళ్లినా ఖుర్ఆన్, ఉర్దూ, వెనకబడిన లెక్కలు నేర్చుకునేది ఇంట్లోనే. పత్తి తీతకూ, మిరప కోతలకూ తల్లిదండ్రులతో వెళ్లి రెండు నెలలు బడికి దూరమైన పిల్లలకు ఇల్లే బడి. ఏడో తరగతో, పదో తరగతో అయ్యాక “ఇక చాలు” అని ఆగిపోయిన ఆడపిల్లలకు మిగిలిందీ ఇల్లే. వీళ్లందర్నీ కలిపి మేము “ఇంటి చదువు కుటుంబాలు” అంటున్నాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బడి మాన్పించి ఇంట్లో పెట్టుకోండని మేము ఎవరికీ చెప్పం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటోంది. ఆ విధి తప్పినవారికి అందులో శిక్ష రాయలేదు, నిజమే. అది వేరే సంగతి. దగ్గర్లో బడి ఉండి, అక్కడ మధ్యాహ్న భోజనమూ పుస్తకాలూ ఉచితంగా దొరుకుతుంటే ఆ హక్కు మన పిల్లలు ఎందుకు వదులుకోవాలి? బడి ఇచ్చేది బడి ఇస్తుంది. బడి అందని వేళల్లో ఇల్లు ఏం చేయగలదన్నదే మా విషయం.

ఇల్లు ఎంత చేయగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కరోనా కాలంలో అందరం చూశాం. 2020 మార్చిలో మూసిన బడుల్లోకి మన ప్రాథమిక తరగతుల పిల్లలు మళ్లీ అడుగుపెట్టింది 2021 సెప్టెంబరు 1న. దాదాపు ఏడాదిన్నర. 2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ మూడో తరగతి పైవాళ్లకు పాఠాలు వచ్చాయి. సిగ్నలు లేని గూడేల్లో, ఒకే ఫోనున్న ఇళ్లలో అవి ఎంతవరకు అందాయో మీరు ఊహించగలరు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఆ పాఠాలూ లేవు. అయినా కొన్ని ఇళ్లలో చిన్నపిల్లలు అక్షరాలు మరిచిపోలేదు, పైగా కొత్తవి నేర్చుకున్నారు. ఎలాగని అడిగితే జవాబు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే: “అక్క చెప్పింది.” ఆ జవాబులో ఆశ ఎంత ఉందో ప్రమాదమూ అంత ఉంది. ప్రమాదం సంగతికి తర్వాత వస్తాం.

మక్తబ్‌లో ఏం జరిగేది

మనలో చాలామంది చిన్నప్పుడు మసీదు అరుగు మీద ఉస్తాద్ ముందు కూర్చున్నవాళ్లమే. అక్కడ “ఒకటో తరగతి”, “రెండో తరగతి” ఉండేవి కావు. ఒకడు అలిఫ్, బే దగ్గర ఉంటే, ఇంకొకడు అమ్మ పారాలో, మరొకడు పదిహేనో పారా నాజిరాలో ఉండేవాడు. అందరూ ఒకేసారి గొంతెత్తి చదివేవాళ్లు. బయటివాళ్లకు అది గోల. ఉస్తాద్‌కు మాత్రం ఎవరి సబఖ్ ఎక్కడుందో తెలుసు. ఒక్కొక్కర్నీ దగ్గరకు పిలిచి కొత్త సబఖ్ ఇచ్చేవారు, నిన్నటిది వినేవారు, పాతది తిరగేయించేవారు. హిఫ్జ్ చేసే పిల్లలకైతే ఇది ఇంకా కచ్చితం: కొత్త సబఖ్, ఇటీవలి సబ్ఖీ, వెనకటి మంజిల్, రోజూ మూడూ అప్పగించాలి. ముందు వెళ్లినవాడు వెనకవాడి తప్పు దిద్దేవాడు. ఎవడి వయసెంతని ఎవరూ అడగలేదు. పన్నెండేళ్లవాడు ఆలస్యంగా వచ్చి చేరితే ఆరేళ్లవాడి పక్కన కూర్చుని ఖాయిదా మొదలుపెట్టడం సిగ్గుచేటనీ ఎవరూ అనుకోలేదు.

మా బి.ఇడి. పుస్తకాల్లో దీన్నే “బహుళ తరగతి, బహుళ స్థాయి బోధన” అన్నారు. పేరు పెద్దది. పని మన ఉస్తాద్‌లు చేసిందే: ప్రతి పిల్లవాడికీ తనదైన సబఖ్, అది పూర్తయితేనే తర్వాతిది.

ఇందులో వయసుకు మించిన మర్యాద కూడా ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) తన సభలో బద్ర్‌లో పాల్గొన్న పెద్దల సరసన యువకుడైన హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె అబ్బాస్ (రజి)ను కూర్చోబెట్టుకునేవారు. మా పిల్లలకూ ఈ వయసే, ఇతన్నెందుకు మా పక్కన కూర్చోబెడతారని కొందరు అడిగితే, అందరి ముందూ ఒక సూరా గురించి ప్రశ్న వేసి ఆ యువకుడి జవాబు వినిపించారు. మళ్లీ ఎవరూ అడగలేదు. చిన్నవాడు తెలుసుకున్నది పెద్దవాడికీ పనికొస్తుందని మన వాళ్లకు అప్పుడే తెలుసు.

హిందూ సోదరుల వీధి బడుల్లోనూ ఇదే తీరు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల వారీగా బడుల లెక్కలు తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, పారశీకం చెప్పేవి 21. బడికి సగటున పన్నెండు మంది అన్నమాట, మన కేంద్రాల లెక్కే. ముందున్న పిల్లలు వెనక ఉన్నవాళ్లకు నేర్పుతూ తమ చదువునూ గట్టిపరచుకునే పద్ధతిని ఆ తెల్లదొర మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. అదే లెక్కల్లో ముస్లిం పిల్లలు 243 మంది. అందరూ మగపిల్లలే. ఆ జిల్లా మొత్తం మీద బడికి వెళ్లిన ముస్లిం ఆడపిల్ల ఆయన లెక్కలో ఒక్కతే కూడా లేదు. రెండు వందల ఏళ్ల నాటి ఆ సున్నా పక్కన పెట్టి ఈ వ్యాసం చదవలేం.

ఇంగ్లండు అనుకరించిందని కాంప్‌బెల్ అన్నది ఆండ్రూ బెల్ సంగతి. ఈ స్కాట్లండు పాదిరి 1789లో మద్రాసు ఎగ్మోరు అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్నాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే మన పిల్లల్ని చూసి, పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు చెప్పించే ఏర్పాటు చేసి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. అక్కడ “మద్రాసు పద్ధతి” పేరుతో అది పెద్ద ఎత్తున పాకింది. ఒక్క మాస్టరు, వందల మంది పిల్లలు, నడుమ మానిటర్లు. ఖర్చు తగ్గిందని పెద్దలు సంతోషించారు. అయితే ఆ మానిటరు పిల్లలు ఒకరికొకరు చిలకపలుకులు అప్పగించే యంత్రాలయ్యారు. కొన్ని దశాబ్దాలకే ఆ పద్ధతి వెనకబడింది. ఉస్తాద్ ఒక్కొక్కర్నీ పిలిచి వినడం అన్న భాగం వదిలేసి, పిల్లవాడి చేత పని చేయించుకోవడం అన్న భాగం మాత్రం తీసుకుంటే జరిగేది అదే.

మదనపల్లె నిచ్చెన

ఈ పాత పద్ధతిని మన కాలానికి సరిపడేలా తీర్చిదిద్దిన పని మన తెలుగు నేల మీదే జరిగింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాకేంద్రం చుట్టూ ఉన్న పల్లెల్లో 1980ల చివర నుంచి వై.ఏ. పద్మనాభరావు, ఏ. రమ దంపతులు ఒక గది బడులు నడిపారు. వాళ్లిద్దరూ అంతకు ముందు డేవిడ్ హార్స్‌బరో దగ్గర శిక్షణ పొందినవాళ్లు. ఆయన 1972లో కర్ణాటక కోలారు జిల్లాలో, మన సరిహద్దుకు దగ్గర్లోనే నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టి, వయసుల గోడలు లేకుండా నడిపాడు.

రిషివ్యాలీ వాళ్లు చేసిందేమిటంటే, పాఠ్యపుస్తకాన్ని విడదీసి కార్డులుగా మార్చారు. ఒక్కో కార్డు ఒక్కో చిన్న పని. కార్డు మీద బొమ్మ గుర్తు ఉంటుంది. అది చూస్తే చదవడం రాని పిల్లవాడికీ ఇది టీచరుతో కూర్చుని చేసే పనా, తోటివాళ్లతో చేసేదా, ఒంటరిగా చేసేదా తెలిసిపోతుంది. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. అందులో మెట్లు. పిల్లవాడు నిన్న ఏ మెట్టు దగ్గర ఆగాడో ఇవాళ అక్కడి నుంచే ఎక్కుతాడు. వారం రోజులు జ్వరం వచ్చినా, నెల రోజులు కోతలకు వెళ్లినా “పాఠాలు పోయాయి” అన్న మాట లేదు. మెట్టు అక్కడే ఉంటుంది. పల్లెల్లో పెద్దలు చెప్పే కథలనూ సేకరించి పాఠాల్లో కలిపారు.

మక్తబ్ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కొత్తదల్లా ఉస్తాద్ తలలో ఉన్న లెక్కను గోడ మీదికి ఎక్కించడమే. దాంతో ఉస్తాద్ అంత అనుభవం లేని టీచరు కూడా పని నడపగలిగింది. ఆ కార్డుల పద్ధతి చూసి వెళ్లిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో “నలి కలి” మొదలుపెట్టారు. అదీ అడవి అంచు తాలూకానే. 2003లో మద్రాసు కార్పొరేషన్ బడులకూ, 2007 నాటికి తమిళనాడు ప్రాథమిక బడులన్నిటికీ ఆ తరహా బోధన చేరింది. ఇల్లు దిద్దుకోలేక పొరుగువాడికి నిచ్చెన ఇచ్చినట్టు అయ్యింది మన సంగతి!

మారియా మాంటిస్సోరి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1907లో రోమ్ నగరపు పేదల వాడలో ఆమె తెరిచిన పిల్లల ఇంట్లోనూ వయసులు కలిసే ఉండేవి. ఇవాళ ఆమె పేరు పెట్టుకుని వేలకు వేలు ఫీజు తీసుకునే బడులున్నాయి. ములకలపల్లి చాప మీద జరిగేది దానికి తీసిపోయేదేమీ కాదు, సరిగ్గా చేస్తే.

సరిగ్గా చేయడం అంటే

అన్నీ కలిపి చెప్పకూడదు. ఇది మొదటి సంగతి. చదవడం, రాయడం, లెక్కల మెట్లు ఎవరివి వాళ్లవే. అక్కడ అయిదేళ్లవాడినీ పన్నెండేళ్ల పిల్లనీ ఒకే పాఠానికి కట్టేస్తే ఇద్దరూ నష్టపోతారు. కథ వినడం, చెట్లూ పురుగులూ, పంటలూ, ఊరి పటం, సీరత్ ప్రసంగాలు, చేతిపని వంటివి అందరికీ కలిపే చెప్పొచ్చు. విషయం ఒకటే, అడిగే ప్రశ్న మాత్రం వయసును బట్టి మారుతుంది.

ఉదాహరణకు తునికాకు. వేసవిలో ఈ ప్రాంతమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మన ఇళ్ల పక్కన కోయ కుటుంబాలు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి కల్లం దగ్గర అప్పగిస్తాయి. కట్టకు 50 ఆకులు. చిన్నవాడికి పని: ఆకులు యాభై వరకు లెక్కపెట్టి కట్ట కట్టడం, పదేసి చొప్పున పేర్చడం. ఎనిమిదేళ్లవాడికి: ఇరవై కట్టల్లో ఎన్ని ఆకులు? వంద కట్టల్లో? పన్నెండేళ్ల పిల్లకు: ప్రామాణిక బస్తాకు వెయ్యి కట్టలు, అంటే 50,000 ఆకులు. ఈ ఏడు కట్ట రేటు కల్లేదారును అడిగి, ఒక ఇంటివాళ్లు రోజుకు ఇన్ని కట్టలు కోస్తే సీజనులో ఎంత వస్తుందో, ఏ కట్టలైనా తిరగ్గొడితే ఎంత పోతుందో లెక్క కట్టు. ముగ్గురూ ఒకే ఆకుల కుప్ప చుట్టూ కూర్చుంటారు. చిన్నవాడు అక్క లెక్కను సగం అర్థమై సగం కాకుండా వింటాడు. రెండేళ్ల తర్వాత ఆ లెక్క తన దాకా వచ్చినప్పుడు అది వాడికి పరిచయమున్న మొహం.

దాతలకు దగ్గరైన ఉదాహరణ ఇంకొకటి: జకాత్. చిన్నవాడికి నలభై చింతగింజలు ఇచ్చి లెక్కపెట్టమని, అందులోంచి ఒకటి తీసి పక్కన పెట్టమంటాం. నడిమివాడు నాలుగు వందల్లో ఎన్ని తీయాలో చెబుతాడు. పెద్దమ్మాయికి రెండున్నర శాతం అన్నా, నలభైలో ఒకటి అన్నా ఒకటే ఎందుకయిందో రాసి చూపించాలి. ఆపైన నిసాబ్ అంటే ఏమిటో, అప్పులు తీసేశాక మిగిలిందెంతో చూడాలి. గింజలు ఇంట్లోవే, పైసా ఖర్చు లేదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన పిల్లల్లో కొందరి ఇళ్లలో దక్కనీ ఉర్దూ, దూదేకుల ఇళ్లలో తెలుగు, పక్కింటి పిల్లలది కోయ. సంత దగ్గర అందరూ అన్నీ మాట్లాడతారు గానీ, పుస్తకం తెరిస్తే తెలుగు లిపి ఒకరికీ నస్తాలీఖ్ ఒకరికీ కొరుకుడు పడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకు మాతృభాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో కోయ ఒకటి. ఇంటి మాటలోంచే బడి మాటలోకి వంతెన వేయాలన్నది అందులోని ఆలోచన. వయసులు కలిసిన చాప మీద ఆ వంతెన తనంతట తాను పడుతుంది. తొమ్మిదేళ్లవాడు ఆరేళ్లవాడికి ఉర్దూలో అర్థం చెప్పి తెలుగులో రాయిస్తాడు. టీచరు కన్నా వాడికే ఆ చిక్కు ఎక్కడుందో బాగా తెలుసు, ఎందుకంటే నిరుడు తాను పడ్డ చిక్కే అది.

వేళల విషయానికొస్తే, సాయంత్రపు చదువు అసర్ తర్వాత మొదలై మగ్రిబ్ అజాన్‌తో ముగుస్తుంది. చలికాలంలో అది గంటన్నర కూడా ఉండదు. అందులో మొదటి పది నిమిషాలు అందరూ కలిసి ఒక కథో కబురో. తర్వాత ఎవరి మెట్టు వాళ్లది. టీచరు ఒక్కొక్కర్నీ పిలిచి వింటుంది. మగ్రిబ్‌కు ముందు ఎవరు ఏ మెట్టు దాటారో నోటుబుక్కులో తేదీ వేసి రాస్తారు. బడి మానిన పెద్దమ్మాయిలకు పొద్దుటి వేళ వేరుగా ఉంది. పన్నెండేళ్లు దాటిన మగపిల్లలకు వేళ వేరు, అది తల్లిదండ్రులు కోరిందే. కలగలుపు అంటే పరదా పాటింపును పక్కనపెట్టడమనుకుని ఒకరిద్దరు పెద్దలు కంగారుపడ్డారు. అలాంటిదేమీ లేదు.

అక్క సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కరోనా నాటి ఇళ్లలో “అక్క చెప్పింది” అన్న జవాబు వెనక ఆ అక్క చదువు ఏమైంది? మేము చూసిన ఇళ్లలో ఇది తరచుగా కనిపించింది: తమ్ముళ్లు వాక్యాలు చదువుతున్నారు, చెల్లి గుణకారం నేర్చింది, అక్క లెక్కల పుస్తకం మాత్రం బడి మూసిననాడు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఆ పిల్ల బద్ధకస్థురాలు కాదు. రోజంతా చెబుతూనే ఉంది, పైగా వంట, నీళ్లు, చంటిపిల్ల. ఇంటివాళ్లకు ఆ పిల్ల మీద ఎంతో గర్వం: “మా పెద్దది టీచరమ్మ!” ఆ గర్వం నిజమైనదే. కానీ పదో తరగతి పరీక్ష రాయాల్సింది ఆమె. ఆ పరీక్షలో తమ్ముడికి అక్షరాలు నేర్పినందుకు మార్కులు వేయరు.

ఒకరికి చెబితే తనకు గట్టిపడుతుందన్న మాట సగమే నిజం. చెప్పేది తనకు నిన్నో మొన్నో వచ్చిన పాఠమైతే గట్టిపడుతుంది. ఏడో తరగతి పిల్ల రోజూ రెండు గంటలు అ, ఆ దిద్దిస్తే ఆమెకు గట్టిపడేదేమీ లేదు. అందుకే మా కేంద్రాల్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పెద్ద పిల్ల చిన్నవాళ్లకు చెప్పే సమయం రోజుకు అరగంట దాటకూడదు. చెప్పేది తనకన్నా ఒకటి రెండు మెట్లు కింద ఉన్నవాళ్లకే. అక్షరాల దశ టీచరే చూసుకోవాలి. చంటిపిల్లల్ని ఎత్తుకుని కేంద్రానికి వస్తే ఆ చంటిదాన్ని ఆడించే పని ఆమెది కాదు. ముఖ్యంగా, రోజులో ఒక గంట టీచరు ఆమె ఒక్కదానితోనే కూర్చోవాలి. ఈ చివరి దానికి డబ్బు కావాలి. ఎందుకంటే ఆ గంటలో మిగిలినవాళ్లను చూసుకునే రెండో మనిషి ఉండాలి.

తల్లులతో ఈ మాట అంత తేలిగ్గా పోలేదు. “దాని చదువు దానికి వస్తుంది, చిన్నవాళ్లకే మీరు చూడండి” అంటారు. ఆ తల్లి కూడా ఒకప్పుడు ఆ ఇంటి అక్కే. మేము వాదించం. నెలకోసారి తల్లులు వచ్చినప్పుడు ముగ్గురు పిల్లల నోటుబుక్కులూ పక్కపక్కన తెరిచి పెడతాం. తేదీలు చదవడం రాని తల్లికి కూడా ఏ పుస్తకంలో పేజీలు నిండాయో, ఏది ఖాళీగా ఉందో కనిపిస్తుంది.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఎనిమిదో తరగతి దాటాక లెక్కలకూ సైన్సుకూ ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లే కావాలి. ఆ పని చాప మీద కలిసి కూర్చుంటే అయ్యేది కాదు. అప్పుడు దారులు వేరు. అయిదో తరగతిలో సీటు దొరికే వయసైతే 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. ఇప్పుడు రాష్ట్రంలో అవి 204. వాటిలో ప్రవేశానికి సిద్ధం చేయడం మన కేంద్రాల పనిలో భాగం చేశాం. గురుకులానికి పంపడానికి ఇష్టపడని ఇళ్లలో, బడి ఆగిపోయిన ఆడపిల్లకు ఓపెన్ స్కూలు దారి ఉంది. పద్నాలుగేళ్లు నిండితే తెలంగాణ ఓపెన్ స్కూలు సొసైటీ ద్వారా పదో తరగతి రాయొచ్చు, ఆపైన ఇంటర్. ఇంకా చిన్న వయసులో ఉన్నవారికి జాతీయ సార్వత్రిక విద్యాలయం మూడో, అయిదో, ఎనిమిదో తరగతుల స్థాయిలో పత్రాలు ఇస్తుంది. ఇంట్లో ఎంత బాగా నేర్చినా చేతిలో కాగితం లేకపోతే రేపు ఆ పిల్లను ఏ కాలేజీ చేర్చుకోదు. అందుకే ఫారం నింపడం, ఫీజు కట్టడం, పరీక్ష కేంద్రానికి తోడు వెళ్లడం కూడా చదువు కిందే లెక్కేస్తున్నాం.

ఇక డబ్బు సంగతి. గోడలు వద్దని మొదటే చెప్పాం. ట్యాబులు ఇస్తామన్న దాతలకూ ఇప్పుడే వద్దన్నాం. కరెంటూ సిగ్నలూ ఉన్నచోట తర్వాత చూద్దాం. ఒకే పుస్తకం ముప్ఫై కాపీలు పంపడం కన్నా ముప్ఫై రకాల పుస్తకాలు ఒక్కో కాపీ పంపండి. తెలుగువీ, ఉర్దూవీ, బొమ్మలవీ, లావుపాటివీ అన్నీ కావాలి. వయసులు కలిసినచోట పుస్తకాలూ కలగలుపే ఉండాలి. కార్డులు అచ్చువేయించి, తడవకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించడానికి ఒకసారి ఖర్చు, అయిదారేళ్లు నిలుస్తాయి. అన్నిటికన్నా పెద్ద ఖర్చు, ప్రతి నెలా వచ్చే ఖర్చు, ఆ రెండో మనిషి గౌరవ వేతనం. ఊళ్లోనే ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్ల ఉంటుంది, ఆమెనే తీసుకుని శిక్షణ ఇస్తాం. ఒక ఆడపిల్లకు ఉద్యోగం, ఇంకో ఆడపిల్లకు రోజూ గంట చదువు. జీతాలకు జకాత్ సొమ్ము వాడే విషయంలో ఆలిమ్‌ల అభిప్రాయాలు ఒకేలా లేవు. అందుకని వేతనాలు సదఖా, సాధారణ విరాళాల ఖాతా నుంచే ఇస్తున్నాం. జకాత్‌ను అర్హులైన పిల్లల పరీక్ష ఫీజులకూ, పుస్తకాలకూ నేరుగా వాళ్ల చేతికి అందేలా వేరుగా ఉంచాం.

దాతలు ఎవరైనా ములకలపల్లి వైపు వస్తే కేంద్రానికి రండి. అసర్ తర్వాత వస్తే పిల్లలు దొరుకుతారు, రమజాన్‌లో మాత్రం జుహర్‌కు ముందు రావాలి. చిన్నపిల్లలు మీ ముందు సూరాలు, పద్యాలు చకచకా అప్పగిస్తారు, మీకు ముచ్చటేస్తుంది. అది విన్నాక, ఆ గుంపులో అందరికన్నా పెద్ద అమ్మాయి ఎవరో చూసి, ఆమె లెక్కల నోటుబుక్కు అడగండి. చివరి పేజీ మీద తేదీ ఏమని ఉందో చూడండి. నెల కిందటిదైతే అక్కడే టీచరును పిలిచి అడగండి, మాకూ ఒక ఫోను చేయండి.